"పటాలానికి పట్టుకుపోయారు" అన్న మాటలో నిజమెంత?

నాగావళి ఒడ్డు (చర్చ ప్రారంభించినవారు):

సభ్యులందరికీ నమస్కారం. మాది ఆమదాలవలసకు అవతల నాగావళి ఒడ్డున ఉన్న ఒక పల్లె. ఉద్యోగరీత్యా విజయనగరంలో ఉంటున్నాను. మా ముత్తాతగారి గురించి మా ఇంట్లో మూడు తరాలుగా ఒకే వాక్యం చెప్పుకుంటున్నారు: "మొదటి యుద్ధంలో ఆయనను పటాలానికి పట్టుకుపోయారు." ఎవరు పట్టుకుపోయారని అడిగితే మా నాయనమ్మ "దొరలు" అని ఊరుకునేది. రెండేళ్లకు తిరిగి వచ్చాడనీ, వచ్చాక ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదనీ మాత్రం చెప్పేది.

గత నెలలో పాత పెంకుటిల్లు విప్పుతుండగా దూలం మీద గుడ్డలో చుట్టి పెట్టిన ఒక పతకం దొరికింది. ఒకవైపు కిరీటం లేని రాజు తల, రెండోవైపు గుర్రం మీద ఒంటిమీద బట్టలేని మనిషి, ఇరుపక్కలా 1914, 1918 అంకెలు ఉన్నాయి. దీనితో నా సందేహం మరింత పెరిగింది. నేను చదివిన పుస్తకాలన్నీ బ్రిటిషు ఇండియా సైన్యంలో నిర్బంధ సేవ ఏనాడూ లేదని, అది పూర్తిగా స్వచ్ఛందంగా చేరినవారి సైన్యమని చెబుతున్నాయి. మరి మా ఇంటి మాట అబద్ధమా, లేక పుస్తకాల మాటలో ఏదైనా మెలిక ఉందా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

రాజాం మాస్టారు:

పుస్తకాల మాట చట్టం వరకు నిజమే. బ్రిటన్‌లో 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చి, 18 నుంచి 41 ఏళ్ల లోపు అవివాహితులను, మే నుంచి వివాహితులను కూడా సైన్యంలోకి లాగింది. భారతీయుల మీద అటువంటి చట్టం రెండు ప్రపంచ యుద్ధాలలోనూ రాలేదు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: 1917లో వచ్చిన ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం కింద మన దేశంలో నిర్బంధంగా పేరు నమోదు చేసుకోవలసి వచ్చినది ఇక్కడ నివసించే 16 నుంచి 50 ఏళ్ల యూరోపియన్ బ్రిటిషు ప్రజలే. అంటే కాగితం మీద నిర్బంధం తెల్లవారికి, స్వేచ్ఛ మనవారికి! ఈ కాగితాన్ని చూసి సంతోషించవలసిన పని లేదు, ఎందుకంటే చట్టం అవసరం లేకుండానే మనుషులను తెచ్చుకోగల యంత్రాంగం గ్రామ మునసబు దగ్గర నుంచి కలెక్టరు దాకా వారి చేతిలో సిద్ధంగా ఉంది.

పంజాబులో ఏం జరిగిందో అందరికీ తెలిసినదే. జిల్లాకు ఇంతమంది అని లెక్క కట్టి, ఆ లెక్కను తాలూకాలకు, ఊళ్లకు పంచారు. ఇవ్వని ఊరి మీద పన్నుల రూపంలోనో నీటి రూపంలోనో ఒత్తిడి వచ్చేది. 1918లో షాపూరు జిల్లాలో ఈ ఒత్తిడి పెట్టిన తహసీల్దారు ఒకరు గ్రామస్థుల చేతిలో హతమయ్యాడు. 1919 నాటి పంజాబు అలజడిపై కాంగ్రెస్ వేసిన విచారణ సంఘం కూడా ఈ బలవంతపు చేరికలను ప్రత్యేకంగా ప్రస్తావించింది.

అయితే ఉత్తరాంధ్ర పంజాబు కాదు. 19వ శతాబ్దం చివరికే తెలుగువారు "యుద్ధజాతి" కారని తేల్చి, సైన్యంలో వారి చేరికలను బాగా తగ్గించివేశారు. కనుక మీ ముత్తాతగారు సిపాయిగానే వెళ్లారా అన్నది మొదట తేలవలసిన ప్రశ్న.

కంటోన్మెంటు వాసి:

తమ్ముడూ, నేను సైన్యంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాడిని. మాస్టారి ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉండవచ్చు. ఆ పతకం ఏ లోహంతో చేసినదో చెప్పండి. తోమవద్దు, చింతపండు అసలే పెట్టవద్దు. ఒక అంచు మీద పొడి గుడ్డతో మెల్లగా రుద్ది రంగు చూడండి. తరువాత భూతద్దంతో అంచు చుట్టూ చూడండి, అక్కడ అంకె, హోదా, పేరు, దళం పేరు చెక్కి ఉండాలి.

బారువ తీరం:

ఇక్కడ ఒక సంగతి కలపవలసి ఉంది. మా వైపు మగవారు ఊరు విడిచి వెళ్లడానికి రెండే పేర్లు ఉండేవి: పటాలం, రంగం. రంగం అంటే రంగూను. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి ఆవిరి ఓడలో బర్మా వెళ్లి బియ్యం మిల్లులలో, ఓడరేవులో మూటలు మోయడం మా తాతల తరానికి మామూలు విషయం. అక్కడికి తీసుకువెళ్లేవాడు మేస్త్రి. ముందుగా ఇంటికి కొంత డబ్బు ఇచ్చి, ఓడ ఖర్చు తానే పెట్టుకొని, ఆ బాకీ తీరేదాకా మనిషి కూలి తన చేతిలో ఉంచుకునేవాడు. చట్టం దృష్టిలో అతడు స్వేచ్ఛగా వలస వెళ్లిన కూలీ. మా అవ్వ మాత్రం తన అన్న గురించి చెప్పేటప్పుడు "మేస్త్రి పట్టుకుపోయాడు" అనే అనేది. కాబట్టి "పట్టుకుపోవడం" అన్న క్రియను చూడగానే బేడీలను ఊహించుకోకూడదని నా మనవి.

నాగావళి ఒడ్డు:

కంటోన్మెంటు వాసి గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేశాను. అది వెండి కాదు, రంగు రాగికీ ఇత్తడికీ మధ్యగా ఉంది. అంచు మీద ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. ఒక నాలుగంకెల సంఖ్య, చివర "లేబర్ కోర్" (కూలీ దళం) అన్న మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. పేరు దగ్గర నాకు ఒక చిక్కు వచ్చింది. కూడబలుక్కొని చదివితే అది మా ముత్తాతగారి పేరులా లేదు. ఇది మా ఇంటి పతకమేనా అన్న అనుమానం కూడా కలుగుతోంది.

కంటోన్మెంటు వాసి:

అది కంచు. ఇప్పుడు విషయం చాలావరకు తేలిపోయింది. మీరు వర్ణించినది బ్రిటిషు వార్ మెడల్. సిపాయిలకూ సోల్జర్లకూ ఇచ్చినది వెండిది, అవి అరవై లక్షలకు పైగానే ముద్రించారు. కంచువి సుమారు 1,10,000 మాత్రమే. వాటిని చైనా, మాల్టా, ఇండియా దేశాల నుంచి తెచ్చిన కూలీ దళాలవంటి వారికి ఇచ్చారు. ఒకే యుద్ధం, ఒకే రాజు తల, ఒకే గుర్రం. తుపాకి పట్టినవాడికి వెండి, పార పట్టినవాడికి కంచు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఈ తేడా గురించి వినగానే నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది.

కాబట్టి మీ ముత్తాతగారు పటాలానికి కాదు, పటాలం వెనుక నడిచే దళానికి వెళ్లారు. 1916 ఏప్రిల్‌లో మెసపటోమియా (ఇప్పటి ఇరాక్)లోని కూట్ దగ్గర జనరల్ టౌన్‌షెండ్ నడిపిన బ్రిటిషు ఇండియా సైన్యం తురుష్కులకు లొంగిపోయిన తరువాత, బస్రా రేవులో సరుకు దించడానికీ, రైలు పట్టాలు వేయడానికీ, కట్టలు పోయడానికీ మనుషులు చాలలేదు. అప్పుడే ఇండియా నుంచి కూలీ దళాలనూ, మోతగాళ్ల దళాలనూ పెద్దయెత్తున ఓడలెక్కించారు. 1917లో ఫ్రాన్సుకు కూడా పంపారు. మనుషులు చాలక జైళ్లు తెరిచి, శిక్ష తగ్గిస్తామని చెప్పి వేలమంది ఖైదీలను బస్రాకు తరలించారంటే అవసరం ఎంతగా ఉందో ఊహించండి. ఖైదీ సంతకం పెట్టాడు కనుక అతడు కూడా కాగితం మీద స్వచ్ఛంద సేవకుడే!

గజపతినగరం:

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. మర్యాదగానే ఒక అభ్యంతరం చెబుతాను. ఆకలికో అప్పుకో తట్టుకోలేక చేరినవాడిని కూడా బలవంతంగా చేర్చుకున్నారని అంటూ పోతే, ఆ మాటకు అర్థమే మిగలదు. ఆ లెక్కన ఈ రోజు దుబాయి వెళ్లే ప్రతి మేస్త్రీ, హైదరాబాదులో కాపలా ఉద్యోగం చేసే ప్రతి శ్రీకాకుళం మనిషీ బలవంతపు కూలీయే అవుతాడు. యుద్ధకాలంలో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. మన పొలాలలో ఏడాది పాలేరుకు వచ్చే గింజలతో పోలిస్తే అది చేతిలో ఆడే రొక్కం. దాని కోసం ఇష్టపడి వెళ్లినవారు లేరా? అలా వెళ్లినవారి తెగువను, ఆశను మనం "పట్టుకుపోయారు" అన్న ఒక్క మాటతో తుడిచివేస్తున్నామేమో ఆలోచించండి. నిర్బంధమంటే కాదంటే శిక్ష ఉండాలి. శిక్ష ఎక్కడుందో చూపించండి.

రాజాం మాస్టారు:

గజపతినగరం వారి అభ్యంతరం సబబైనదే. శిక్ష ఉన్నచోటు చూపిస్తాను, కాని అది ఆఫ్రికా. తూర్పు ఆఫ్రికాలో, అంటే ఇప్పటి కెన్యాలో, బ్రిటిషు ప్రభుత్వం 1915లోనే సైన్యం వెంట నడిచే సహాయకుల కోసం చట్టం చేసి స్థానికులను నిర్బంధంగా మోతకు తీసుకుంది. రోడ్లు లేని అడవులలో తలమీద మూటలతో నడిచి, రోగాలతో రాలిపోయిన ఆ మోతగాళ్ల సంఖ్యను చరిత్రకారులు సుమారు 95,000గా అంచనా కడతారు. ఆ మోతగాళ్ల దళం ఇంగ్లీషు పేరు క్యారియర్ కోర్, అదే దారెస్సలాంలో కరియాకో అనే పేటకూ, నైరోబీలో కరియోకోర్ అనే పేటకూ నిలిచిపోయింది. ఫ్రెంచివారు ఇంకో అడుగు ముందుకు వేసి, పశ్చిమ ఆఫ్రికాలో 1912 ఉత్తర్వు ద్వారా సిపాయిలనే నిర్బంధంగా తీసుకున్నారు. 1915, 1916 సంవత్సరాలలో వోల్టా, బానీ నదుల మధ్య ఊళ్లకు ఊళ్లే దాని మీద తిరగబడితే ఫిరంగులతో అణిచివేశారు.

అదే సామ్రాజ్యం, అదే యుద్ధం. కెన్యాలో చట్టం కావలసి వచ్చి ఇండియాలో ఎందుకు అవసరం పడలేదంటే, ఇక్కడ అప్పటికి నూట యాభై ఏళ్లుగా అలవాటైన దారులు ఉన్నాయి. మన ప్రాంతంలోనే ఆ దారులు ఎలా పడ్డాయో కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం.

ఈస్టిండియా కంపెనీ రాకముందు ఇక్కడ భూమికీ కత్తికీ మధ్య ఒప్పందం ఉండేది. జమీందారు మొఖాసా (సేవకు బదులుగా ఇచ్చే) భూములిచ్చేవాడు, దానికి ప్రతిగా పిలిచినప్పుడు మనుషులతో వచ్చి నిలబడాలి. కిమిడి కొండలలో పాయికులు అనే సాయుధులు, బిస్సోయీలు అనే కొండ నాయకులు ఇలాగే భూమి అనుభవించారు. రాకపోతే భూమి పోతుంది కనుక దీనిని కూడా పూర్తి స్వేచ్ఛ అనలేము. కంపెనీ విజయనగరం రాజుగారిని సొంత సైన్యం రద్దు చేసుకోమని పట్టుపట్టడం, పేష్కషు (కంపెనీకి కట్టవలసిన కప్పం) బకాయిల తగాదా ముదరడం, 1794 జులై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు, ఆయన వెంట నిలిచినవారు కూలిపోవడం మనకు తెలిసిన కథే. ఆ తరువాత మిగిలిన సాయుధులు పన్నుల వసూలుకూ కాపలాకూ పనికివచ్చే సిబ్బంది అయ్యారు. ఈ రోజు మనం ఆఫీసులో "సిబ్బంది కొరత" అనుకునే మాట ఆ అరకొర సైన్యం పేరే.

మరోవైపు కంపెనీ సొంత పటాలాలకు మన సర్కారు జిల్లాల నుంచి సిపాయిలను చేర్చుకుంది. ఉత్తర హిందూస్థానంలో చాలాకాలం కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలిచేవారంటే, యూరోపియన్ల కవాతు మొదట నేర్చినవారిలో తెలుగువారు ఎందరో గ్రహించవచ్చు. ఆ సిపాయిలు ఇష్టపడి చేరినవారే. కాని చేరడం మన చేతిలో, ఎక్కడికి పంపుతారన్నది వారి చేతిలో. 1780లో మైసూరు పాలకుడు హైదరాలీ కర్ణాటకంలో (అంటే ఆర్కాటు ప్రాంతంలో) చొచ్చుకువచ్చినప్పుడు, విశాఖపట్నంలో ఉన్న సర్కారు పటాలం గ్రెనేడియర్లను మద్రాసుకు ఓడ ఎక్కమన్నారు. అక్టోబరు 3న వారు ఎక్కబోమని తుపాకులు ఎత్తారు, కొందరు తెల్ల అధికారులు చనిపోయారు. వెల్లూరు తిరుగుబాటుకు 26 ఏళ్ల ముందు మన తీరంలో జరిగిన ఈ ఘటనను మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతోనైనా తలచుకోవు. గజపతినగరం వారు అడిగిన "కాదంటే శిక్ష" ఇక్కడ ఉంది: చేరేదాకా స్వేచ్ఛ, చేరిన మరునాటి నుంచి కోర్టు మార్షల్.

మెళియాపుట్టి మిత్రుడు:

నేను సవర గూడేలలో చాలాకాలం పనిచేశాను. కొండ ప్రాంతపు కోణం ఒకటి చెప్పి ఊరుకుంటాను. కూలీ దళాల కోసం 1917లో మనుషులను అడిగినప్పుడు మయూరభంజిలో సంతాలులు ఎదురు తిరిగారు. మణిపూరు కొండలలో కుకీలు అదే కారణం మీద 1917 నుంచి 1919 దాకా పోరాడారు. స్వచ్ఛందంగా రమ్మంటే ఎవరూ రెండేళ్లు కొండలలో యుద్ధం చేయరు కదా. నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి మరొకటి. లుషాయి కొండలలో (ఇప్పటి మిజోరాంలో) కూలీ దళంలో చేరినవారికి చూపించిన ఆశలలో ముఖ్యమైనవి ఇంటిపన్ను మినహాయింపు, ప్రభుత్వ వెట్టి నుంచి జీవితాంతం విముక్తి. అంటే ఇంటి దగ్గర వెట్టి తప్పించుకోవడానికి ఫ్రాన్సుకు వెళ్లి మట్టి మోయాలి! వెట్టి అన్నది లేకపోతే ఆ ఆశకు విలువే లేదు.

వెట్టి ఎలా ఉండేదో మన ఏజెన్సీవారికి వేరే చెప్పనక్కరలేదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించడంలో కూలి ఎగ్గొట్టిన తహసీల్దారు ఆగడాలు 1922 నాటి మన్యం పితూరీకి (తిరుగుబాటుకు) ఒక కారణం. అప్పు తీరేదాకా షావుకారు దగ్గర మనిషి పడి ఉండే గోతి పద్ధతిని రద్దు చేయడానికి 1940 దాకా నిబంధన రాలేదు. బారువ వారు చెప్పిన మేస్త్రి బాకీకీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

గజపతినగరం:

మాస్టారూ, మిత్రమా, వాదన కొంత వరకు ఒప్పుకుంటున్నాను. అయితే మైదానపు పల్లెలకు కొండల ఉదాహరణలు అతికించడం జాగ్రత్తగా జరగాలి. ఆమదాలవలస పక్క పల్లెలో వెట్టి మినహాయింపు ఆశ పనిచేసి ఉండదు. అక్కడ పనిచేసినది ఏమిటో ఆ ఇంటివారే చెప్పాలి.

బారువ తీరం:

నాది చిన్న మాట. బలవంతం చివరకు చట్టంగానో కత్తిగానో కూడా వచ్చింది, కాని అది వేరే జెండా కింద. మలయా తోటలకు వెళ్లిన తెలుగువారిని, తమిళులను 1942, 1943 సంవత్సరాలలో జపానువారు లారీలకు ఎక్కించి సయాం (ఇప్పటి థాయిలాండ్), బర్మా రైలు మార్గానికి తరలించారు. 415 కిలోమీటర్ల ఆ దారి మీద చనిపోయిన ఆసియా కూలీలు 90,000 దాకా ఉంటారని అంచనా. యుద్ధఖైదీల సమాధులకు రాళ్లూ పేర్లూ ఉన్నాయి. మావారికి లేవు.

నిర్వాహకుడు:

చర్చ చక్కగా సాగుతోంది. రెండో ప్రపంచ యుద్ధపు రైలు మార్గం గురించి వేరే చర్చ తెరవవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడ మొదటి ప్రశ్నకే పరిమితమవుదాం.

రాజాం మాస్టారు:

నాగావళి ఒడ్డు గారికి వెతుకులాటలో పనికివచ్చే సంగతి ఒకటి. మన శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. 1917లో చికాకోలు (శ్రీకాకుళం పాత పేరు) తాలూకా గంజాం జిల్లాలో ఉండేది, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మాత్రమే విశాఖపట్నం జిల్లాలో కలిసింది. అందువలన ఆనాటి కాగితాలను విశాఖ పేరు మీద వెతికితే ఫలితం ఉండదు. గంజాం అని వెతకండి. ఇంకో సంగతి, అంచు మీద పేరు మీ ముత్తాతగారిది కానంత మాత్రాన పతకం పరాయిది అనుకోవద్దు. ముందు ఇంట్లోని పెద్దవారిని అడగండి. అయితే "ఎవరు పట్టుకుపోయారు" అని అడగవద్దు, "ఎలా వెళ్లాడు" అని అడగండి.

నాగావళి ఒడ్డు:

క్షమించాలి, మూడు వారాలు ఇటు రాలేకపోయాను. మాస్టారు చెప్పినట్టు ఊరు వెళ్లి, తొంభై ఏళ్లు దాటిన మా పెద్దత్తను అడిగాను. ఆవిడ ముత్తాతగారి చేతుల మీద పెరిగిన మనిషి. "పట్టుకుపోయారట కదా" అని నేను పాత మాటే అనబోయి, మాస్టారి హెచ్చరిక గుర్తుకు వచ్చి ఆగి, "ఎలా వెళ్లాడత్తా" అన్నాను. ఆవిడ చాలాసేపు ఊరుకొని, "ఎవుడూ పట్టుకుపోలేదురా, రాయించీసినారు" అన్నది.

ఆవిడ చెప్పినది నా మాటలలో ఇది. ఆ ఏడాది ఇంటి కాడెద్దులలో ఒకటి చచ్చిపోయింది, దుక్కికి వేళయింది. ఆమదాలవలస రైలు స్టేషను దగ్గర దిగిన మేస్త్రి ఒకడు కూలీలకు పేర్లు రాసుకుంటూ ముందుగా డబ్బు ఇస్తున్నాడని తెలిసి, ముత్తాతగారి అన్నగారు వెళ్లి తన పేరు రాయించుకొని డబ్బు తెచ్చారు. ఎద్దును కొన్నారు. వెళ్లవలసిన రోజుకు ఆయన భార్య పురిటిలో ఉంది. పేరు రాసి ఉంది, డబ్బు ఖర్చయిపోయింది, మనిషి రాకపోతే మునసబు ఊరుకోడు. అప్పుడు ఇంటిపెద్దలు కూర్చొని పెళ్లి కాని తమ్ముడిని అన్న పేరు మీద పంపించారు. అతడిని ఎవరైనా అడిగారా అంటే, పెద్దత్త "పద్దెనిమిదేళ్ల గుంటడిని ఎవుడడుగుతాడు" అన్నది.

అంచు మీద అరిగిపోయిన పేరును మళ్లీ చదివాను. అది ఆ అన్నగారి పేరే.

గజపతినగరం:

నా అభ్యంతరం అలాగే ఉంది, కాని దానిని మీ ఇంటి ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు.

కంటోన్మెంటు వాసి:

తమ్ముడూ, ఆ సంఖ్యను జాగ్రత్తగా రాసి ఉంచుకోండి. జాబితాలు ఎక్కడైనా దొరికితే పేరు కంటే సంఖ్యే మీకు దారి చూపుతుంది. ఆ ఎద్దు సంగతి ఏమైంది?

నాగావళి ఒడ్డు:

అదీ అడిగాను. ముత్తాతగారు తిరిగి వచ్చిన ఏడు దాకా బతికే ఉందట. ఆయన ఎప్పుడూ దాని కాడి పట్టలేదట, దున్నవలసి వస్తే పక్కింటివారి ఎడ్లను అడిగి తెచ్చుకునేవాడట. రేపు సెలవు పెట్టాను. గంజాం పేరు మీద, అన్నగారి పేరు మీద వెతకడం మొదలుపెడతాను.